అగ్నిలోయ పొట్టేలుకు ఎన్ని పళ్ళు?

నన్ను అవమానించిన వాళ్ళ జాబితా ఒకటి నా బుర్రలో ఉంది. ఆరో తరగతిలో నేను గీసిన వానపామును చూసి "ఇది తాడా?" అని అడిగిన సైన్సు సారు మొదలు, మొన్న ఒక పెళ్ళి బంతిలో నన్ను దాటేసి పక్కాయనకు బోటి కూర వడ్డించిన మా బావమరిది వరకు అందరూ అందులో వరుస తప్పకుండా కూర్చొని ఉన్నారు. ఒక్కరినీ వదల్లేదు. అయితే వాటన్నిటికంటే పెద్ద అవమానం ఎవరి ఖాతాలో వేయాలో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేక ఉన్నాను. ఎటు నుంచి చూసినా అది నా పేరు దగ్గరికే వచ్చి నిలబడుతుంది.

ముప్పై మంది ముందు, గోడంత తెర ఎదుట, మా నాయిన చేతుల మీదుగా నేను నాశనమైపోయిన కథ ఇది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఎవరు ఎక్కువ నవ్వారన్నది మాత్రం గుర్తు పెట్టుకుంటాను.

అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా ఊరు ఆత్మకూర్ దగ్గర. ఇంట్లో ఎనభై దాకా గొర్రెలు. మా నాయిన నర్సింహకు ఆ ఎనభైటిలో ఏది ఏ గొర్రె బిడ్డో, ఏది ఏ వానకు పుట్టిందో నోటికి వచ్చు. నా పుట్టినరోజు మాత్రం ఆధార్ కార్డు చూసి చెబుతాడు. ఇది కూడా జాబితాలో ఉంది. నేను చదువు పేరుతో మంద నుంచి తప్పించుకొని కిరాయి గదిలో చేరాను. ఆ చదువు నుంచి తప్పించుకోవడానికి ఒక వీడియో ఆటలో చేరాను.

దాని అసలు పేరు ఇంగ్లీషులో బారెడు ఉంటుంది. మేమంతా 'అగ్నిలోయ' అనేవాళ్ళం. నోరు విప్పని వీరుడొకడు, వాడి చేతిలో మండే కత్తి, ఎప్పుడు చూసినా కన్నీళ్ళు పెట్టుకునే రాణి, కూలిపోయిన కోటలు, ఆ కోటల్లో కాపురం పెట్టిన రాక్షసులు. అప్పటికి ఐదు భాగాలు వచ్చాయి. తిరకాసంతా ఎక్కడంటే, ఏ భాగం కథ ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో తయారుచేసిన వాళ్ళు చెప్పలేదు. రెండో భాగంలో రాణికి సమాధి ఉంటుంది. నాలుగో భాగంలో అదే రాణి పూలు కోస్తుంటుంది. ఒకటో భాగంలో నిక్షేపంగా ఉన్న కోట మూడో భాగంలో శిథిలాల కుప్ప.

ఇక దాన్ని సరిచేసే బాధ్యత లోకంలో అందరికంటే మా మీదే ఎక్కువ ఉందని మాకు అనిపించింది. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ ఆట ఆడేవాళ్ళం ఒక అరవై మందిమి కలిసి ఫోనులో గ్రూపు పెట్టుకున్నాం. గ్రూపును నడిపేది సుజాతక్క. మహబూబ్‌నగర్‌లోనే ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆమె ఉన్నందువల్లే మేం ఒకరినొకరం తిట్టుకోకుండా ఉండేవాళ్ళం.

ఆ గ్రూపులోనే శ్రవణ్ ఉండేవాడు. హాలియా వాడు. కాలువ నీళ్ళ కింద వరి పండించే ఇంటి పిల్లాడు. తిండికి కరువు లేదు, తీరికకు కరువు లేదు. అతడు కోటల గోడలు, వాటి మీద మొలిచిన చెట్లు చూసి ఒక లెక్క కట్టాడు. దాని ప్రకారం ఐదు భాగాల కథ ఐదు వేల ఏళ్ళ పాటు జరిగింది. ఐదుగురు వీరులూ వేరు వేరు, ఐదుగురు రాణులూ వేరు వేరు. గ్రూపులో అందరూ దాన్నే నమ్మేవాళ్ళు.

నేను గ్రూపులో చేరిన వారానికి ధైర్యం చేసి నాలుగు వాక్యాలు రాశాను. కథంతా ఒక్క మనిషి జీవితంలోనే జరిగి ఉండొచ్చు కదా అని. శ్రవణ్ దానికి జవాబు రాయలేదు. ఒక ముఖం బొమ్మ పెట్టాడు. నవ్వుతున్న ముఖం. మామూలు నవ్వు కూడా కాదు, రెండు కళ్ళ వెంటా నీళ్ళు కారేంత నవ్వు. దాన్ని ఫోటో తీసి దాచుకున్నాను. తర్వాత రెండుసార్లు ఫోను మార్చాను. మా అమ్మ ఫోటోలు పోయాయి గానీ ఆ ముఖం పోలేదు.

పగ ఉంది, ఆయుధం లేదు. ఏడాది పాటు అలాగే తిరిగాను. అప్పుడు దొరికింది పొట్టేలు.

ఐదు భాగాల్లోనూ ఎక్కడో ఒకచోట ఒక గుడిసె, ఆ గుడిసె ముందు ఒక పొట్టేలు ఉంటాయి. దాని ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉంటుంది. వీరుడు గడ్డి అందిస్తే తల పైకెత్తి, నోరంతా తెరిచి అరుస్తుంది. కథకూ దానికీ ఏ సంబంధం లేదు. అందరూ దాన్ని దాటుకొని రాక్షసుడి దగ్గరికి పరుగెత్తుతారు. నేను గొర్రెల ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, ఆగాను. ఒక ఆదివారం అది అరుస్తుండగా ఆటను ఆపి, అలవాటు కొద్దీ దాని కింది పెదవి వైపు చూశాను.

గొర్రె వయసు దాని నోట్లో రాసి ఉంటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు, అందుకే చెబుతున్నాను. పిల్లగా ఉన్నప్పుడు సన్నటి పాలపళ్ళుంటాయి. ఏడాది దాటాక నడిమి రెండూ ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్ళు రెండు వస్తాయి. ఆ తర్వాత దాదాపు ఏడాదికో జత. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది, నోరు నిండినది అని వయసు చెబుతాం. ముసలిదైతే పళ్ళు అరిగి సందులు పడతాయి. సంతలో ఎవరైనా గొర్రెను పట్టుకుంటే ముందు చేసే పని బొటనవేలితో దాని కింది పెదవిని కిందికి నొక్కి చూడటం. పుట్టినప్పటి నుంచి నేను చూసింది అదే. కింది పెదవి, కింది పళ్ళు.

ఆటలోని పొట్టేలుకు ఆ కంపెనీ వాళ్ళు పన్ను పన్నుకూ పేరు పెట్టినంత శ్రద్ధగా నోరు గీశారు. మూడో భాగంలో వెడల్పాటి పళ్ళు రెండు. ఒకటో భాగంలో నాలుగు. నాలుగో భాగంలో ఆరు. రెండో భాగంలో నోరు నిండా. ఐదో భాగంలో అరిగిపోయి సందులు. అదే విరిగిన కొమ్ము కాబట్టి అదే పొట్టేలు. పళ్ళ ప్రకారం వరుస మూడు, ఒకటి, నాలుగు, రెండు, ఐదు. శ్రవణ్ ఐదు వేల ఏళ్ళను నా పొట్టేలు ఏడెనిమిదేళ్ళలో మేసి పారేసింది.

ఐదు బొమ్మలు తీశాను. పెద్దవి చేశాను. అనవసరమైన పై భాగమంతా కత్తిరించేసి, కింది పళ్ళు మాత్రం ఉంచి, ఐదింటినీ పక్కపక్కన పేర్చి గ్రూపులో పెట్టాను. అనవసరమైన పై భాగం అన్నాను చూశారా, ఆ మాటను కాస్త చేతిలో పట్టుకొని ఉండండి. దానితో పని పడుతుంది.

గ్రూపు అల్లకల్లోలమైపోయింది. పళ్ళతో వయసు చెప్పొచ్చని అక్కడ సగం మందికి తెలియదు. నన్ను చంద్రుడి మీద నీళ్ళు కనిపెట్టినవాణ్ణి చూసినట్టు చూశారు. దేవరకొండ కుర్రాడొకడు నన్ను 'సార్' అని రాశాడు. అంతకు ముందు నన్ను సార్ అన్నది బస్సులో నా కాలు తొక్కినవాడు ఒక్కడే.

శ్రవణ్ మాత్రం ఈసారి ముఖం బొమ్మ పెట్టలేదు, ఫోను చేశాడు. "మల్లేశ్ భాయ్, మూడో భాగంల కోట కూలి దాని మీద అడివి మొలిచింది. నీ లెక్కల ఏడాదికే ఒకటో భాగం. ఏడాదిల అడివి కొట్టి కోట కట్టిండ్రా?"

"మరమ్మతు చేయించుకోరా?" అన్నాను.

"మా ఊరి కాలువ మీద తూము కట్టనీకె నాలుగేండ్లు పట్టింది భాయ్."

"మీ ఊరికి రాజు లేడు," అన్నాను. అప్పట్లో నాకు అది గొప్ప జవాబులా తోచింది.

ఆరో భాగం రాబోతోందని అప్పటికే కబురు వచ్చింది. అది వచ్చేలోపు గ్రూపు తరఫున ఒక వీడియో చేసి, ఐదు భాగాల సరైన వరుస ఇదీ అని ప్రకటించాలని సుజాతక్క అనుకుంది. ఎవరి వరుస ఒప్పుకుంటే వాళ్ళ పేరే వీడియోలో. ఇక మిగిలింది నేనా, శ్రవణా అన్న ప్రశ్నే. తను పనిచేసే కాలేజీలోనే ఒక ఆదివారం కంప్యూటర్ల గది అడిగి పెట్టింది. అందరం అక్కడ కూర్చొని తేల్చుకోవాలి.

ఇంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? గ్రూపులో ఒక షరతు రాశాను. నేను గెలిస్తే శ్రవణ్ ఫలానా నవ్వు ముఖాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు అందరి ముందూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఓడితే, ఈ గ్రూపులో వరుస గురించి నేను మళ్ళీ జన్మలో నోరు తెరవను. శ్రవణ్‌కు ఆ ముఖం ఏదో గుర్తు కూడా లేదు. ఏ ముఖం అని అడిగాడు. దాచిన ఫోటో పంపించాను. తర్వాత, సరే, కానీ పళ్ళు చూసేదీ నువ్వే, వరుస పెట్టేదీ నువ్వే అయితే ఎలా, తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే ఒప్పుకుంటానన్నాడు.

మా నాయినను తెస్తానన్నాను. నలభై ఏళ్ళుగా గొర్రెల నోళ్ళలోకి చూస్తున్న మనిషి. శ్రవణ్ ఒప్పుకొని ఒక్క మెలిక పెట్టాడు. ఆ బొమ్మలు ఆయనకు ముందుగా చూపించకూడదు, అందరి ఎదుటే మొదటిసారి చూడాలి. అంటే నేను మా నాయినకు పాఠం నేర్పి తెస్తానని అతడి అనుమానం. మా నాయినకు నేను పాఠం నేర్పడం! ఇది కూడా జాబితాలో వేసుకొని, పౌరుషం కొద్దీ దేవుడి మీద ఒట్టు పెట్టి ఒప్పుకున్నాను. చేతిలో ఉన్న దీపాన్ని నేనే ఊది ఆర్పుకున్నాను.

నాయినను ఒప్పించడం అంత తేలిక కాదు. శనివారం ఊరికి పోయి, పాలమూరులో చదువుకున్నోళ్ళు గొర్రెల గురించి నీ మాట వినాలని కోరుతున్నారని చెప్పాను. అబద్ధం కాదు. ఎవరి గొర్రె అని అడిగాడు. ఫోనులోని గొర్రె అన్నాను. నాయిన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. మందకు రోగం తగిలినప్పుడు చూసే చూపు అది. చివరికి చిన్నాయనకు మంద అప్పజెప్పి వస్తానన్నాడు.

పొద్దున్నే పెళ్ళికి కుట్టించుకున్న ప్యాంటు, షర్టు వేసుకొని తయారయ్యాడు. నేను వద్దన్నాను. ధోతీ కట్టుకొని, గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని రమ్మన్నాను. సాక్షి సాక్షిలా కనబడాలి కదా.

"గీ ఎండల గొంగడా? సస్తరా కొడుకా."

"నాయినా, చూసినోళ్లకు నమ్మకం రావాలె."

"నా మీద నమ్మకమా, గొంగడి మీదనా?" అని గొణుక్కుంటూనే వేసుకున్నాడు.

బస్సులో దారి పొడుగునా ఆట కథ చెప్పాను. రాణి ఏడుపు, కత్తి మంట, కోటలు కూలడం అన్నీ చెప్పాను. నాయిన దేనికీ చలించలేదు. పొట్టేలు మాటెత్తగానే మాత్రం నా వైపు తిరిగాడు. దానికి చెవి కోత ఉందా అని అడిగాడు. ఎవరి మందదో తెలియడానికి గొర్రె చెవికి గాటు పెడతారు. లేదన్నాను. ఒంటరి పొట్టేలును గుడిసె ముందు వదిలిపెట్టి పోయినవాడు ఎవడని అడిగాడు. అది కథలో లేదన్నాను. "గది కదా ముచ్చట," అన్నాడు. ఒకే కొమ్ము విరిగి ఉంది కాబట్టి ఐదూ ఒకటే పొట్టేలని నేను వివరిస్తే, "పొట్టేళ్ళు కొట్లాడితె ఇరిగేదే కొమ్ము. ఇరిగినయన్ని ఒకటే అయితయా?" అన్నాడు.

అది మొదటి హెచ్చరిక గంట. నాకు వినబడలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, శ్రవణ్ చేత రాయించబోయే క్షమాపణలో మాటలు సరిచేసుకుంటున్నాను.

కాలేజీలో ముప్పై మంది దాకా వచ్చారు. శ్రవణ్‌ను ఎదురుగా చూడటం అదే మొదలు. ఫోనులో ఉన్నంత పొగరు ముఖంలో లేదు. ఉంటే బాగుండేది. హాలియాలో తెల్లవారి బస్సెక్కి, రెండు బస్సులు మారి వచ్చాడు. మా నాయిన కాళ్ళకు దండం పెట్టి, కుర్చీ జరిపి, ఫ్యాను అటు తిప్పాడు. ఇదంతా సాక్షిని మచ్చిక చేసుకునే ఎత్తు అని నేను మనసులో రాసుకున్నాను.

నేను లేచి అరగంట మాట్లాడాను. నా కత్తిరించిన బొమ్మలు చూపించాను. పళ్ళు లెక్కపెట్టాను. అందరూ తలలూపారు. అప్పుడు సుజాతక్క, పెద్దాయన చూడాలి కాబట్టి ముక్కలు కాదు, ఆటలోని పొట్టేలునే పూర్తిగా చూపిద్దామంది. మూడో భాగం పెట్టి, పొట్టేలు నోరు తెరిచి అరిచే చోట ఆపింది. గోడ మీద పొట్టేలు తల ఒక్కటే దున్నపోతంత అయ్యింది.

"చూడు పెద్దనాయినా, దీని వయసెంత ఉంటదో జర చెప్పు," అంది.

నాయిన లేచాడు. గొంగడి సర్దుకున్నాడు. తెర దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ కుడి చెయ్యి చాపి, గోడ మీద పొట్టేలు కింది పెదవిని బొటనవేలితో నొక్కాడు. పెదవి కదల్లేదు. ఆయన నీడ మాత్రం పొట్టేలు ముఖం నిండా పరుచుకుంది. పక్కకు జరిగాడు. తల వంచి చూశాడు. ఎత్తి చూశాడు. నేను శ్రవణ్ వైపు చూసి సన్నగా నవ్వాను. ఆ నవ్వు ఎవరైనా ఫోటో తీసి దాచుకొని ఉంటే వాళ్ళకు నా దండాలు.

"ఇది గొర్రెనేనా?" అన్నాడు నాయిన.

"పొట్టేలు నాయినా," అన్నాను.

"మరి దీనికి మీది పండ్లు ఎవలు పెట్టిండ్రు?"

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నాయిన గోడ మీద పై పెదవి దగ్గర వేలు పెట్టి చూపించాడు. అక్కడ కింది వాటికి జోడుగా తెల్లగా, ముద్దుగా, మనిషి పళ్ళలాంటివి వరుసగా ఉన్నాయి. "గొర్రెకు మీది దిక్కు ముందట పండ్లుండయి బిడ్డా. వట్టి చిగురే ఉంటది, సాఫ్ గ. కింది పండ్లు ఆ చిగురుకు ఆనిచ్చి గడ్డి తెంపుతది. ఇది గీసినోడు గొర్రె నోరు సూడలే. అద్దంల వాని నోరు సూసి గీసిండు."

తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"నీకు తెల్వదారా?"

తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? చిన్నప్పుడు నా అరచేతిలో గడ్డి తిన్న ప్రతి గొర్రె చిగురూ నా చేతికి మెత్తగా తగిలిందే. కానీ పళ్ళు చూడటమంటే కింది పెదవి నొక్కడమే. పైన చూసేదేముంటుందని ఎవరూ చూడరు. అందుకే నేనూ చూడలేదు. చూడకపోవడమే కాదు, అనవసరమైన పై భాగమని నా చేత్తో నేనే కత్తిరించాను. ఇందాక పట్టుకొమ్మన్న మాటను ఇప్పుడు కింద పెట్టేయండి.

అక్కడ చేతులెత్తేసి ఉంటే కొంత మర్యాద మిగిలేది. కానీ మొండితనం ఒక్కటే నాకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. గొంతు సవరించుకొని, అది మన లోకం కాదు, అక్కడ మంటలు కక్కే కత్తులున్నప్పుడు గొర్రెలకు పై పళ్ళు ఉండకూడదా అన్నాను.

శ్రవణ్ చాలా మర్యాదగా, దాదాపు జాలిగా అన్నాడు. "ఉండొచ్చు భాయ్. అట్లయితె ఆ లోకంల పండ్లు ఏడాదికి ఎన్నొస్తయో మనకెట్ల తెలుస్తది?"

నేను తెర వైపు తిరిగి పొట్టేలు కింది పళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

అతడు నవ్వలేదు. అదీ నా కడుపుమంట. నవ్వి ఉంటే జాబితాలో ఇంకో పద్దు పడేది, నేను నిలదొక్కుకునేవాణ్ణి. లేచి మా నాయినకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, గొర్రెకు పళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో సరిగా తెలియలేదు, మళ్ళీ చెప్పమని నాయినను అడిగింది. నాయిన అటూ ఇటూ చూశాడు. గొర్రె లేదు. నేనున్నాను. రమ్మని చెయ్యి ఊపాడు. ఎందుకో తెలియక పోయాను. ఎడమ చేత్తో నా గడ్డం పట్టుకున్నాడు, కుడి బొటనవేలితో నా కింది పెదవిని నొక్కాడు.

"ఇగో, గీడ ఉంటయి," అన్నాడు. తర్వాత పై పెదవిని ఎత్తిపట్టాడు. "గీడ ఉండయి. మనిషికి రెండు దిక్కుల ఉంటయి. గందుకే మాటలెక్కువ."

గదిలో ముప్పై ఫోన్లు పైకి లేచాయి. నేనేదో చెప్పబోయాను. నోరు నాయిన చేతిలో ఉండటం వల్ల అది అరుపులా వచ్చింది. సుజాతక్క బల్ల మీద తల పెట్టి భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నాయిన పనిలో పనిగా నా పళ్ళు లెక్కపెట్టి, "నోరు నిండింది. వయసు అయితె వచ్చింది," అని వదిలిపెట్టాడు.

ఆ తర్వాత గంటసేపు అగ్నిలోయ ఎవరికీ గుర్తు లేదు. నాయిన చుట్టూ చేరి గొర్రె ఎన్నేళ్ళు బతుకుతుంది, ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తారు, గొంగడి వానకు ఎందుకు తడవదు అని అడుగుతూ కూర్చున్నారు. నేను మూలన కుర్చీలో కూర్చొని ఎవరెవరు నవ్వారో లెక్కపెట్టుకున్నాను. ముప్పై మంది. జాబితాకు ఒక్కరోజులో అంత మంది రావడం అదే మొదలు, అదే ఆఖరు.

వీడియోలో శ్రవణ్ వరుసే వచ్చింది. గ్రూపు మొదటి పేజీలో మాత్రం నా నోటి ఫోటో వచ్చింది, ఆరు నెలలు కదల్లేదు. ఊర్లో కబురు మా బస్సు కంటే ముందే చేరింది. హోటలు ముందు నుంచి పోతుంటే మా ఈడు వాళ్ళు పై పెదవి ఎత్తి పలకరించేవాళ్ళు. మూడో రోజు మా అమ్మ అన్నం పెడుతూ, "మందల పుట్టి మందల పెరిగినోనివి. గొర్రె నోరు సూడరాకపోతివి గదా కొడుకా," అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు జాబితాలో ప్రత్యేకంగా ఒక అర కేటాయించాను.

షరతు ప్రకారం గ్రూపులో వరుస గురించి నోరు తెరవలేదు. ఏడాది గడిచింది. ఆరో భాగం వచ్చింది.

పరీక్షలు ఎగ్గొట్టి, రాత్రింబవళ్ళు ఆడి పూర్తిచేశాను. చివర్లో పనిచేసిన వాళ్ళ పేర్లు వరుసగా పైకి పోతుంటాయి కదా. ఆ పేర్లలో, కృతజ్ఞతలు అన్న చోట, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు కనబడింది. నర్సింహ, గొర్రెల కాపరి, ఆత్మకూర్. లేచి నిలబడ్డాను. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అదే.

సుజాతక్కకు ఫోను చేస్తే అప్పుడు బయటపడింది. ఆ ఆదివారం తర్వాత ఆమె, శ్రవణ్ కలిసి కంపెనీకి ఉత్తరం రాశారట. మీ పొట్టేలుకు పై పళ్ళున్నాయి, ఫలానా పెద్దమనిషి చెప్పాడు, సరిచేసుకోండి అని. వాళ్ళు మర్యాదస్తులు, సరిచేసుకున్నారు. మంచిదే. కానీ నేనొకటి అడుగుతాను. ఐదు భాగాల్లో ఆ పొట్టేలు దగ్గర ఆగిందెవరు? దాని నోట్లోకి మొదట చూసిందెవరు? ఆ ఎండలో ఆయన చేత గొంగడి కప్పించి, బస్సెక్కించి తీసుకుపోయిందెవరు? నా పేరు ఎక్కడ? కంపెనీకి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. నాలుగోది రాస్తున్నాను.

నాయినకు చూపిద్దామని ఊరికి పోయి, పేరు ఉన్న చోట ఆపి ఫోను చేతికిచ్చాను. పేరును పట్టించుకోలేదు. "పొట్టేలును సూపియ్యి," అన్నాడు. చూపించాను. అదే విరిగిన కొమ్ము, తెరిచిన నోరు, పైన నున్నటి చిగురు. నాయిన ముఖం విప్పారింది.

"ఇగ ఇప్పుడు గొర్రె లెక్క ఉన్నది," అని, ఫోనును దగ్గరికి, దూరానికి జరిపి చూశాడు. "నాలుగు పండ్లు నిండినయి. ఐదోది చిగురు పలగ్గొడుతున్నది సూడు."

నాలుగు పళ్ళది ఒకటో భాగం. ఆరు పళ్ళది నాలుగో భాగం. ఇది నడిమిది. ఇప్పుడు గీసినవాడికి గొర్రె నోరు తెలుసు. సాక్షి స్వయంగా చెప్పాడు. శ్రవణ్ చూసేలా గ్రూపులో పెట్టడానికి వేళ్ళు ఫోను మీదికి పోయాయి. అక్కడే ఆగిపోయాయి. జన్మలో నోరు తెరవనని షరతు రాసింది నేనే. ఎవరూ అడగకుండానే రాశాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇక మీదట గొర్రె గానీ, మేక గానీ, ఎద్దు గానీ, రాక్షసుడు గానీ, ఏ నోరైనా సరే రెండు దవడలూ చూడనిదే దాని గురించి ఒక్క మాట మాట్లాడను. ఏ బొమ్మకూ పై భాగం కత్తిరించను. మా నాయినకు చేతికందేంత దూరంలో నిలబడి నోరు తెరవను. వరుస విషయంలో ఆ గ్రూపులో నా మౌనం చచ్చేదాకా చెక్కుచెదరదు.

అయితే షరతు గ్రూపు వరకే. ఇది గ్రూపు కాదు కదా. వరుస మూడు, ఒకటి, ఆరు, నాలుగు, రెండు, ఐదు. రాసి పెట్టుకోండి. హాలియా వైపు చుట్టాలున్నవాళ్ళు ఎవరైనా అతడికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.